ఎడిన్‌బరా ట్రిప్‌లో మూడు రౌండ్లకే వీలుంది, ఏ గోల్ఫ్ కోర్సులు ఆడమంటారు?

ఎండాడ గోల్ఫర్:

అందరికీ నమస్కారం. జూన్ ఆఖర్లో ఎడిన్‌బరా వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. అమ్మాయి, అల్లుడు అక్కడే ఉంటారు. మనవడి మొదటి పుట్టినరోజు. ట్రిప్ దానికోసమే తప్ప గోల్ఫ్ కోసం కాదని ఇంట్లో ఇప్పటికే గట్టిగా చెప్పారు. బేరమాడి మూడు రౌండ్లకి (రౌండంటే 18 హోల్స్) ఒప్పించాను. అక్కడికి వెళ్ళాక వాళ్ళ మూడ్ బాగుంటే నాలుగోది అడుగుతాను.

నా ఆట గురించి దాచేదేం లేదు. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ క్లబ్బులో ఆడతాను. హ్యాండీక్యాప్ 21, అంటే మంచి ఆటగాడి కంటే రౌండుకి ఇరవై చిల్లర దెబ్బలు ఎక్కువ పడతాయి. స్టీల్ ప్లాంట్ నుంచి రిటైర్ అయ్యాకే ఆటని సీరియస్‌గా పట్టుకున్నాను. డ్రైవర్ తీస్తే బంతి కుడివైపుకే పోతుంది, అందుకే 5 వుడ్‌తో నెట్టుకొస్తున్నాను. పుట్టర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) పర్వాలేదు. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది, చదునైన నేల మీద మాత్రం ఎంతయినా నడుస్తాను.

ఇంకో చిక్కు, అల్లుడికి క్రికెట్ తప్ప ఇంకేదీ పట్టదు. అంటే నేను ఒక్కడినే ఆడాలి. కారు వాళ్ళ దగ్గరుంది గానీ వారాల్లో ఆఫీసుకి తీసుకెళ్తారు. కాబట్టి రైలో బస్సో.

నెట్‌లో చూసి ఒక లిస్టు రాసుకున్నాను: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్, మ్యూర్‌ఫీల్డ్, గల్లన్, నార్త్ బెరిక్, క్రెయిల్, ఎలీ. ఊళ్ళో ఒక ట్రావెల్ ఏజెంటుని కూడా అడిగాను. ఓల్డ్ కోర్సు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) గ్యారంటీగా ఇప్పిస్తాడట, అయితే హోటలూ ఇంకో రెండు కోర్సులూ కలిపిన ప్యాకేజీయే తీసుకోవాలట. అతను చెప్పిన అంకె మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.

అక్కడ ఆడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఓల్డ్ కోర్సు మీద ఆశ పెట్టుకోవచ్చా? ఈ లిస్టులో ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి?


బీచ్ రోడ్ బర్డీ:

సార్, ఆలోచించేదేముంది! అక్కడిదాకా వెళ్ళి ఓల్డ్ కోర్సు ఆడకుండా వస్తే తిరుపతి వెళ్ళి కొండెక్కకుండా వచ్చినట్టే. ప్యాకేజీ తీసేసుకోండి, డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. మొదటి రోజు ఓల్డ్, రెండో రోజు కార్నూస్టీ, మూడో రోజు కింగ్స్‌బార్న్స్. నాలుగో రోజు దొరికితే మ్యూర్‌ఫీల్డ్. టీవీలో చూసిన కోర్సులే ఆడాలి సార్, మిగతావన్నీ టైమ్ వేస్ట్. ఫోటోలు పెట్టడం మర్చిపోకండి.


లాసన్స్ బే కెప్టెన్:

మాస్టారూ, బర్డీ గారు చెప్పిన వరసలో ఆడాలంటే మనవడి పుట్టినరోజు వాయిదా వేసుకోవాలి. ఆ కోర్సులన్నీ గొప్పవే, కాదనను. మీకు పనికొచ్చేవి మాత్రం వేరే.

ఓడల ఉద్యోగంలో ఉండగా నేను కొన్నేళ్ళు లీత్ రేవు దగ్గర ఇల్లు తీసుకుని ఉన్నాను. అది ఎడిన్‌బరాలోనే. సెలవు దొరికితే బ్యాగు భుజాన వేసుకుని రైలెక్కేవాణ్ణి. కారు లేకుండా ఎక్కడిదాకా వెళ్ళొచ్చో, ఎక్కడ ఇరుక్కుపోతామో ఆ తిరుగుడులోనే తెలిసింది. ఇప్పటికీ రెండేళ్ళకో మూడేళ్ళకో పాత స్నేహితుల దగ్గరికి వెళ్ళొస్తుంటాను.

ముందు ఓల్డ్ కోర్సు సంగతి తేల్చేద్దాం. అది ఎవరి సొంతమూ కాదు, ఊరి ఆస్తి. ట్రస్టు నడుపుతుంది. బయటివాళ్ళకి చీటీ వేస్తారు, బ్యాలెట్ అంటారు. ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు ఆన్‌లైన్‌లో పేర్లిస్తే లాటరీ తీస్తారు. కానీ అందులో కనీసం ఇద్దరుండాలి. మీరు ఒక్కరే కాబట్టి ఆ బ్యాలెట్ మీకు వర్తించదు. ఇది చాలామంది చూసుకోరు, రోజూ ఆన్‌లైన్‌లో పేరిస్తే చాలనుకుంటారు.

ఒంటరివాళ్ళకి వేరే పద్ధతి ఉంది. వెనకటికి చీకటి ఉండగానే ఓల్డ్ పెవిలియన్ ముందు క్యూ కట్టాల్సి వచ్చేది. స్లీపింగ్ బ్యాగులు పరుచుకుని పడుకున్నవాళ్ళని చూశాను, జూన్‌లో కూడా ఆ చలికి మోకాళ్ళు కొట్టుకునేవి. 2024 నుంచి ఆ క్యూ ఎత్తేశారు. ఇప్పుడు ముందు రోజు పగలు మీరే స్వయంగా వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి, దానికీ లాటరీయే. తగిలితే మర్నాడు ముగ్గురో ఇద్దరో ఉన్న ఏదో ఒక గుంపులో మిమ్మల్ని కలుపుతారు.

ఇందులో కీలకం 'స్వయంగా' అన్నది. ఎడిన్‌బరాలో కూర్చుని పేరివ్వడం కుదరదు. రోజూ వెళ్ళి రావడమంటే వేవర్లీ స్టేషన్ నుంచి లూకర్స్ దాకా గంట రైలు, అక్కడి నుంచి 99 నంబరు బస్సు. సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో రైలు స్టేషన్ లేదు. కాబట్టి ఓల్డ్ కోర్సు మీద ఆశ ఉంటే ఆ ఊళ్ళో రెండు రాత్రులు ఉండండి, లేదా ఆశ వదిలేయండి. మధ్యేమార్గం లేదు. అన్నట్టు, ఆదివారం ఓల్డ్ కోర్సులో గోల్ఫ్ ఉండదు. ఊరివాళ్ళు కుక్కల్ని, పిల్లల్ని తీసుకుని ఫెయిర్‌వే మీదే షికారు చేస్తారు.

ఏజెంటు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ట్రస్టు అనుమతి ఉన్న కంపెనీలు కొన్ని గ్యారంటీ టైములు ప్యాకేజీలో అమ్ముతాయి, వాటి పేర్లు ట్రస్టు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. మీ ఏజెంటు వాళ్ళలో ఎవరి ద్వారా తెస్తున్నాడో అడగండి. పేరు చెప్పకుండా నసిగితే దణ్ణం పెట్టేయండి. ప్యాకేజీ లేకుండా లాటరీలో వచ్చినా ఓల్డ్ కోర్సు గ్రీన్ ఫీ (ఆడే రుసుము) సీజన్‌లో 300 పౌండ్లు దాటుతుంది, మన డబ్బులో 30 వేల పైమాటే. దాని పక్కనే 1895లో ఓల్డ్ టామ్ మోరిస్ వేసిన న్యూ కోర్సు ఉంది. అదే ఇసుక, అదే గాలి, అవే ముళ్ళపొదలు, ఫీజు సగం కూడా ఉండదు. దానికి ముందే బుక్ చేసుకోవచ్చు. ఆ ఊరివాళ్ళని అడిగితే ఆటగా న్యూ కోర్సే ఇష్టమని చెప్పేవాళ్ళు చాలామంది.

ఇక మీ లిస్టు.

కార్నూస్టీ కొట్టేయండి. 1999 ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో వాన్ డి వెల్డె ఆఖరి హోల్‌కి మూడు షాట్ల ఆధిక్యంతో వచ్చి 7 కొట్టి, ప్లేఆఫ్‌లో ఓడిపోయిన చోటు అది. ప్యాంటు మడిచి బారీ బర్న్ అనే వాగులో దిగి నిలబడ్డాడే, అదే. ప్రొఫెషనల్సే ఏడ్చిన కోర్సులో 21 హ్యాండీక్యాప్‌తో మీరు గడిపే నాలుగున్నర గంటలూ బంతులు వెతకడానికే సరిపోతాయి. పైగా ఎడిన్‌బరా నుంచి దూరం.

కింగ్స్‌బార్న్స్ కొట్టేయండి. అందమైనదే, 2000లో తెరిచారు, దాదాపు ప్రతి హోల్ నుంచీ సముద్రం కనిపిస్తుంది. ఫీజు ఓల్డ్ కోర్సు కంటే ఎక్కువ. మనకి మూడు రౌండ్లే ఉన్నప్పుడు వందేళ్ళ నాటి కోర్సులు వదిలి అక్కడికి ఎందుకు? మ్యూర్‌ఫీల్డ్ బయటివాళ్ళకి వారంలో కొన్ని రోజులే, ముందుగా చాలా రాతకోతలు. కొట్టేయండి.

ఉంచాల్సింది నార్త్ బెరిక్. ఒక్కటే కోర్సు ఆడే వీలున్నా అదే చెప్తాను. వేవర్లీ నుంచి నేరుగా రైలు, అరగంట పైచిలుకు. స్టేషన్ నుంచి క్లబ్బుకి పది నిమిషాల నడక, అదీ దిగుడే. వెస్ట్ లింక్స్ అని అడగండి, ఊళ్ళో ఇంకో కోర్సు కూడా ఉంది.

ఆ కోర్సులో రాతి గోడలుంటాయి. పాత పొలం గట్లు తీసేయకుండా కోర్సు వేశారు. 13వ హోల్‌ని పిట్ అంటారు. రెండో షాట్‌కి చేరేసరికి గ్రీన్‌కి (జెండా ఉండే నున్నటి పొట్టి గడ్డి చోటు), మీకు మధ్య నడుం ఎత్తు రాతి గోడ అడ్డంగా ఉంటుంది. జెండా పైభాగం కనిపిస్తుంది, గ్రీన్ సగమే కనిపిస్తుంది. బంతి గోడకి మరీ దగ్గరగా ఆగితే వెనక్కి కొట్టుకుని మళ్ళీ ముందుకి రావాలి. మొదటిసారి నేను అక్కడ నిలబడి నవ్వేశాను. నాతో ఆడుతున్న పెద్దాయన, స్కూలు టీచరు అనుకుంటా, ఏం మాట్లాడకుండా వెడ్జ్ తీసి గోడ మీద నుంచి మెత్తగా దాటించి, బ్యాగు మోసుకుంటూ గేటులోంచి నడిచి వెళ్ళాడు.

15వది రెడాన్, 190 గజాల చిల్లర పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. క్రిమియా యుద్ధంలోని కోట పేరు పెట్టారు. గ్రీన్ ముందు కుడి నుంచి వెనక ఎడమకి జారుతుంటుంది, ఎడమవైపు లోతైన బంకరు (ఇసుక గుంట) కాపలా. జెండా మీదికి నేరుగా కొడితే గ్రీన్ మీద ఆగదు. కుడి అంచున దింపితే బంతి దానంతటదే ఎడమకి దొర్లి జెండా దగ్గరికి వెళ్తుంది. మీ బంతి కుడివైపుకి పోతుందన్నారు కాబట్టి ఎటు గురిపెట్టాలో మీరే లెక్కేసుకోండి. ప్రపంచమంతా ఈ హోల్‌ని కాపీ కొట్టారు, అమెరికాలో ఎన్ని రెడాన్లున్నాయో. అసలుది ఇదే.

రెండోది ఎలీ. సెయింట్ ఆండ్రూస్‌లో ఉంటే 95 నంబరు బస్సు తీరం వెంబడి క్రెయిల్, ఆన్‌స్ట్రదర్ మీదుగా ఎలీ వెళ్తుంది. మన ఊరివాడిగా మీరు ఎలీ చూసి తీరాలి. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) ఎదురుగా గుట్ట ఉంటుంది, దాని అవతల ఎవరున్నారో కనిపించదు. అందుకని స్టార్టర్ (ఆటగాళ్ళని వరసగా పంపేవాడు) గదిలో నిజమైన సబ్‌మెరైన్ పెరిస్కోప్ బిగించారు. హెచ్‌ఎమ్‌ఎస్ ఎక్స్‌కాలిబర్ అనే బ్రిటిష్ సబ్‌మెరైన్‌ని తుక్కు చేసినప్పుడు తెచ్చింది. స్టార్టర్ దాంట్లోంచి చూసి, ముందువాళ్ళు దూరంగా వెళ్ళారని తేల్చుకున్నాక 'ఊఁ, కొట్టండి' అంటాడు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపల మనవాళ్ళు పిల్లలకి పెరిస్కోప్ చూపించి ఫోటోలు తీసుకుంటారు, ఎలీలో రోజూ దానితో పని. మర్యాదగా అడిగితే మిమ్మల్నీ చూడనిస్తారు. కోర్సులో పార్ 5 ఒక్కటీ లేదు, పదహారు పార్ 4లు, రెండు పార్ 3లు. మోకాలికి కూడా ఇబ్బంది ఉండదు.

మూడో రౌండ్ గురించి నా మాట మీకు నచ్చదేమో. కొత్త కోర్సుకి వెళ్ళకండి. నార్త్ బెరిక్‌కే మళ్ళీ వెళ్ళండి. ఇలాంటి కోర్సులో మొదటిసారి ఎటు కొట్టాలో తెలియదు, ఏ గుట్ట వెనక ఏముందో తెలియదు, గోడ ఎదురైతే బిత్తరపోతాం. రెండోసారి వెళ్తే గాలి తిరిగి ఉంటుంది, నిన్న 5 వుడ్ కొట్టిన చోట 9 ఐరన్ సరిపోతుంది. అప్పుడు ఆట మొదలవుతుంది. నాలుగు కోర్సుల స్కోర్‌కార్డులు ఇంటికి తెచ్చుకునే కన్నా ఒక కోర్సుని ఎరిగి రావడం మేలు.


బీచ్ రోడ్ బర్డీ:

కెప్టెన్ గారూ, సెవెన్ స్టార్ హోటల్‌కి వెళ్ళి రెండు రోజులూ ఇడ్లీయే తినమంటున్నారు మీరు 😀


లాసన్స్ బే కెప్టెన్:

ఇడ్లీ బాగుంటే తింటాను బాబూ.


ఎండాడ గోల్ఫర్:

కెప్టెన్ గారూ, చాలా థ్యాంక్స్. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. కార్నూస్టీ కొట్టేయమన్న చోట 'ఆయనెవరో బుద్ధిమంతుడు' అంది.

కొన్ని డౌట్లు. ఈస్ట్ పాయింట్‌లో నాకు ఎప్పుడూ ఒకే క్యాడీ ఉంటాడు. కొండ వైపు ఎంత వాలుతుందో, జెండాకి ఎంత దూరమో, ఏ క్లబ్ తియ్యాలో అన్నీ అతనే చెప్తాడు. నిజం చెప్పాలంటే ఆలోచన అతనిది, ఊపు నాది. అక్కడ క్యాడీ ఖర్చు ఎక్కువంటున్నారు. బగ్గీ (కూర్చుని వెళ్ళే గోల్ఫ్ బండి) దొరుకుతుందా? రెండోది, మనది కొండల మధ్య, చెట్లున్న కోర్సు. సముద్రం ఒడ్డున ఎప్పుడూ ఆడలేదు. గాలిలో ఎలా ఆడాలి? మూడోది ముఖ్యమైనది. సెయింట్ ఆండ్రూస్‌లో రెండు రాత్రులుంటే మా ఆవిడ ఏం చేస్తుంది? నేను ఆడుతుంటే హోటల్ గదిలో కూర్చోబెట్టలేను కదా.


పెదవాల్తేరు పుట్టర్:

సార్, మూడో ప్రశ్నకి నేను చెప్తాను. మా అమ్మని తీసుకుని ఆ ఊరు వెళ్ళాను. అమ్మ జీవితంలో క్లబ్ పట్టుకోలేదు.

ఓల్డ్ కోర్సు పక్కనే హిమాలయాస్ అని పుట్టింగ్ గ్రీన్ ఒకటుంది. 1867లో ఆడవాళ్ళు పెట్టుకున్న పుట్టింగ్ క్లబ్బుది. అప్పట్లో ఆడవాళ్ళు చెయ్యి భుజం పైకెత్తి క్లబ్ ఊపడం మర్యాద కాదనేవారట, అందుకని పుట్టింగ్ ఒక్కటే దక్కింది. నేలంతా ఎగుడు దిగుడు గుట్టలు. కొన్ని పౌండ్లిస్తే పుట్టర్, బంతి వాళ్ళే ఇస్తారు, ఎవరైనా ఆడొచ్చు. మా అమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని మొదలుపెట్టింది. నాలుగో హోల్‌కి వచ్చేసరికి వెనక వస్తున్న జర్మన్ దంపతులతో పందెం. పూర్తయ్యాక 'ఇంకోసారి ఆడదామా' అని అడిగింది తనే. మీ ఆవిడని అక్కడికి తీసుకెళ్ళండి, మనవణ్ణి కూడా.

ఆదివారం వెళ్ళగలిగితే ఇంకా మంచిది. కెప్టెన్ గారు చెప్పినట్టు ఆ రోజు ఓల్డ్ కోర్సు పార్కులాగే ఉంటుంది. మొత్తం కుటుంబం స్విల్కన్ అనే పాత రాతి వంతెన మీద ఫోటో దిగొచ్చు, 17వ హోల్ రోడ్ బంకర్ ఎంత లోతో దగ్గరికెళ్ళి చూడొచ్చు, డబ్బివ్వక్కర్లేదు. లాటరీ తగలకపోయినా ఓల్డ్ కోర్సు చివరిదాకా నడిచామన్న తృప్తి ఉంటుంది. ఒకే గ్రీన్ మీద రెండు జెండాలు ఎలా ఉంటాయో టీవీలో అర్థం కాదు, నడిస్తే తెలుస్తుంది. అలాంటి జంట గ్రీన్లు ఏడున్నాయి. వెళ్ళే హోల్, వచ్చే హోల్ నంబర్లు కూడితే 18 వస్తుంది.

ఇంకొకటి, మీ లిస్టులో లేనిది. మసల్‌బరా ఓల్డ్ లింక్స్. ఎడిన్‌బరా నుంచి సిటీ బస్సులో వెళ్ళొచ్చు. 9 హోల్సే, గుర్రప్పందేల మైదానం లోపల ఉంటుంది, రెయిలింగు దాటి వెళ్ళి ఆడాలి. 1672లోనే అక్కడ గోల్ఫ్ ఆడినట్టు రాతపూర్వకమైన ఆధారం ఉంది. 19వ శతాబ్దంలో ఓపెన్ ఆరుసార్లు జరిగింది. హికరీ కర్రతో చేసిన పాతకాలం క్లబ్బులు అద్దెకిస్తారు. ఫీజు ఓల్డ్ కోర్సులో పదో వంతు కూడా ఉండదు. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురే కదా, పిల్లాణ్ణి పడుకోబెట్టాక సాయంత్రం ఏడింటికి వెళ్ళి రావొచ్చు. అది మీ మూడు రౌండ్ల లెక్కలోకి రాదని ఇంట్లో వాదించండి, తొమ్మిది హోల్సే కదా అని.

బట్టల సంగతి: జూన్ అని మోసపోకండి. పల్చని స్వెటరు, వాన కోటు రోజూ బ్యాగులో ఉండాలి. పొద్దున్న ఎండ కాస్తుంది, పదకొండింటికి సముద్రం మీద నుంచి హార్ అనే పొగమంచు వచ్చేస్తుంది, ఎదురుగా ఉన్న జెండా కనిపించదు. పాత షూ అయితే వాటర్‌ప్రూఫ్ ఉందో లేదో ఇక్కడే చూసుకోండి.


లాసన్స్ బే కెప్టెన్:

హిమాలయాస్ సంగతి నాకు తట్టనే లేదు, మంచిమాట చెప్పారు.

మాస్టారూ, బగ్గీ మీద ఆశ వద్దు. అక్కడ లింక్స్ మీద అందరూ నడుస్తారు, ఎనభై ఏళ్ళవాళ్ళు కూడా. కొన్ని చోట్ల డాక్టరు సర్టిఫికెట్ ఉంటే ఇస్తారు, కొన్ని చోట్ల అసలు లేవు. చేత్తో లాగే ట్రాలీ అద్దెకి దొరుకుతుంది, మీకు అది చాలు. మన దగ్గరలాగా కబుర్లు చెప్పుకుంటూ ఆడితే వెనకవాళ్ళు ఊరుకోరు, నాలుగు గంటల్లోపు ముగించాలన్నది వాళ్ళ లెక్క. బంతి ముళ్ళపొదలోకి పోతే మర్చిపోండి. పసుపుపచ్చని పూలతో చూడ్డానికి బాగుంటుంది, చెయ్యి పెడితే రక్తం వస్తుంది. 2019 నుంచి రూలు ప్రకారం కూడా వెతకడానికి మూడు నిమిషాలే.

క్యాడీ విషయంలో, ఓల్డ్ కోర్సు లాటరీ తగిలితే మాత్రం డబ్బు చూడకుండా పెట్టుకోండి. అక్కడ 112 బంకర్లున్నాయి, సగం టీ మీద నుంచి కనిపించవు. మిగతా చోట్ల కోర్సు మ్యాపు పుస్తకం కొనుక్కుంటే సరిపోతుంది. మీ ఆలోచన మీరే చేసుకోవడం కూడా ఒకసారి అలవాటవుతుంది.

గాలి గురించి. లింక్స్ అంటే సముద్రానికీ, పంట పొలాలకీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల. భీమిలి రోడ్డులో సరుగుడు తోటలకి ఇవతల ఉన్న ఇసుక దిబ్బల మీద పొట్టి గడ్డి మొలిపించినట్టు ఊహించుకోండి, చెట్లు మాత్రం తీసేసి. కింద ఇసుక కాబట్టి వాన నీళ్ళు నిలవవు, నేల గట్టిగా ఉంటుంది. బంతి పడ్డాక ముప్పై నలభై గజాలు దొర్లుతుంది. ఈస్ట్ పాయింట్‌లో మనం జెండా దాకా గాల్లో మోసుకెళ్తాం, అక్కడ గ్రీన్‌కి బాగా ముందే నేల మీద దింపి మిగతా దూరం దొర్లనివ్వాలి. గ్రీన్ బయట ముప్పై గజాల నుంచి కూడా పుట్టర్ తీస్తారు, ఎవరూ నవ్వరు. మీ పుట్టర్ పర్వాలేదన్నారు కదా, మీకు అనుకూలం. ఎత్తుగా లేపే 60 డిగ్రీల వెడ్జ్ ఉంటే ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి.

ఎదురుగాలికి గట్టిగా కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి. గట్టిగా కొడితే బంతి ఇంకా తిరిగి ఇంకా పైకి లేస్తుంది. రెండు క్లబ్బులు పెద్దది తీసి సగం ఊపుతో కొట్టండి. గుండ్రటి చిన్న బంకర్లలో పడితే జెండా వైపు చూడకండి, ఎటు సులువైతే అటు, పక్కకో వెనక్కో ముందు బయటపడండి.


గోపాలపట్నం టు లీత్:

నమస్తే. నేను ప్రస్తుతం ఎడిన్‌బరాలోనే ఉంటున్నాను, గోల్ఫ్ అంతంతమాత్రం. రెండు విషయాలు చెప్పి పోతాను.

2024 జూన్‌లో లీవెన్ ఊరికి రైలు లైను మళ్ళీ తెరిచారు. అంటే ఎలీకి సెయింట్ ఆండ్రూస్ వైపు నుంచే వెళ్ళనక్కర్లేదు, ఎడిన్‌బరా నుంచి లీవెన్ దాకా రైల్లో వచ్చి అక్కడ 95 ఎక్కొచ్చు. లీవెన్ లింక్స్ కూడా మంచి కోర్సే, పేరు లేదు కాబట్టి రద్దీ తక్కువ.

నార్త్ బెరిక్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి సార్. అమెరికా వాళ్ళు ఏడాది ముందే కొనేస్తున్నారు. ఒక్కరే కాబట్టి మీకు కాస్త అదృష్టం ఉంది, ముగ్గురున్న గుంపులో ఖాళీ ఉంటే ఇస్తారు. శనాదివారాలు కాకుండా వారం మధ్యలో అడగండి. అక్కడ కుదరకపోతే అదే రోడ్డులో గల్లన్ ఉంది, మూడు కోర్సులు. నంబర్ 1లో 2015, 2018లో స్కాటిష్ ఓపెన్ జరిగింది. నంబర్ 2 దొరకడం సులువు. అయితే గల్లన్‌లో గుట్ట ఎక్కాలి, మోకాలు చూసుకోండి.


ఎండాడ గోల్ఫర్:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఇప్పటివరకూ ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే చెప్పండి.

ఆదివారం అందరం అల్లుడి కార్లో సెయింట్ ఆండ్రూస్. ఓల్డ్ కోర్సు నడక, హిమాలయాస్. అమ్మాయి వాళ్ళు సాయంత్రం వెనక్కి వెళ్ళిపోతారు, మేమిద్దరం ఉండిపోతాం. సోమవారం పొద్దున్నే న్యూ కోర్సు, అయ్యాక వెళ్ళి సింగిల్స్ లాటరీకి పేరిస్తాను. తగిలితే మంగళవారం ఓల్డ్ కోర్సు, క్యాడీతో. తగలకపోతే ఎలీ, పెరిస్కోప్. నార్త్ బెరిక్ ఆ వారంలోనే గురువారం. రెండోసారి నార్త్ బెరిక్ సంగతి ఇంకా ఇంట్లో ఎత్తలేదు. మసల్‌బరా తొమ్మిది హోల్స్ రౌండు కిందికి రాదన్న వాదన మాత్రం ఎత్తాను, 'పడుకున్న పిల్లాడు లేస్తే ఎవరు చూస్తారు' అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.

ఏజెంటుకి వద్దని చెప్పేశాను. ఏ కంపెనీ ద్వారా తెస్తున్నారని అడిగితే, 'మాకు అక్కడ కాంటాక్ట్స్ ఉన్నాయి సార్' అన్నాడు, అంతే.

చివరగా రెండు ప్రశ్నలు. హ్యాండీక్యాప్ సర్టిఫికెట్ ఏ రూపంలో చూపించాలి? సెట్ మొత్తం మోసుకెళ్ళాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? విశాఖ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ఇంకో రెండు విమానాలు మారాలి, బ్యాగు ఎక్కడ తప్పిపోతుందో అని టెన్షన్.


లాసన్స్ బే కెప్టెన్:

ప్లాన్ బాగుంది. ఒక్క మార్పు. సోమవారం న్యూ కోర్సుకి వీలైనంత పొద్దున టైమ్ తీసుకోండి. మధ్యాహ్నం ఆలస్యమైతే పేరు నమోదు చేసే వేళ దాటిపోతుంది. ఇంకా మంచిది, ఆటకి ముందే పేరిచ్చేసి వెళ్ళడం.

సర్టిఫికెట్ ఈస్ట్ పాయింట్ ఆఫీసులో అడిగితే ఇస్తారు. ఇప్పుడు దాదాపు అన్ని దేశాలకీ ఒకే వరల్డ్ హ్యాండీక్యాప్ పద్ధతి కాబట్టి ఇండెక్స్ అంకె అక్కడా చెల్లుతుంది. ప్రింటు తీసుకోండి, ఫోన్‌లో కూడా ఉంచుకోండి. వెళ్ళే ముందు నెలలో ఆడిన స్కోర్లన్నీ వేయించుకోండి, పాత అంకెతో వెళ్ళకండి.

సెట్ అద్దెకే తీసుకోండి. మూడు రౌండ్ల కోసం పన్నెండు కిలోల బ్యాగుని మూడు ఎయిర్‌పోర్టుల్లో లాగడం దండగ. మీ పుట్టర్ మాత్రం సూట్‌కేసులో మూలగా పడుకోబెట్టి తీసుకెళ్ళండి, పట్టుకుంటే చేతికి తెలిసినది కావాలి. షూ, గ్లవ్ మీవే. బంతులు కూడా ఇక్కడి నుంచే పట్టుకెళ్ళండి, మంచివి కాదు, పాతవి, రెండు డజన్లకి తగ్గకుండా.


పెదవాల్తేరు పుట్టర్:

మీ ఆవిడకి కూడా వాటర్‌ప్రూఫ్ షూ కొనండి సార్. ఆదివారం ఓల్డ్ కోర్సు అంతా నడవాలంటే చెప్పులతో కుదరదు, వెళ్ళి రావడం ఆరేడు కిలోమీటర్ల లెక్క.


ఎండాడ గోల్ఫర్:

ఆరేడు కిలోమీటర్లని తనకి ఇంకా చెప్పలేదు. నార్త్ బెరిక్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.